వడ్ల కుప్ప కనపడని రాత్రి: మా కమాండర్ జీపు హెడ్‌లైట్ల పని

నవంబరు 3, ఆదివారం

దీపావళి అయి మూడు రోజులైంది. మొన్న శుక్రవారం రాత్రి జరిగిన సంగతి లేకపోతే ఈ పని ఇంకో ఏడాది వాయిదా పడేది. అందుకే అక్కడి నుంచే రాస్తున్నాను.

డిండి నుంచి దేవరకొండ దిక్కు మా ఊరికి వస్తున్నాం. రాత్రి ఏడున్నర. వెనక సీట్లో మా అమ్మ, చిన్నబిడ్డ. ఎదురుగా ఒక కారు ఫుల్ లైట్ వేసుకుని దూసుకొచ్చింది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, మళ్ళీ పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లను పంపరు. ఆలోపు దాటి శ్రీశైలం చేరాలనుకునే వాళ్ళు ఆ టైములో డిమ్ కొట్టే ఓపికలో ఉండరు. కారు దాటిపోయాక రెండు మూడు సెకన్లు నాకు రోడ్డే లేదు. మా జీపు లైట్లు ముందర పసుపునీళ్ళు చల్లినట్టు ఉన్నాయి తప్ప తారు కనపడలేదు. ఆ మసకలోంచి ఒక్కసారిగా రాళ్ళ వరస లేచింది.

రోడ్డు ఎడమ సగం మీద వడ్లు ఆరబోసి, మంచు పడకుండా నల్ల తాటిపత్రి కప్పి, అది ఎగరకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు పెట్టారు. బ్రేకు తొక్కి కుడికి కోశాను. ముందు ఎడమ చక్రం ఒక రాయిని ఎగరగొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కన మంచం వేసుకుని కాపలా పడుకున్న పెద్దాయన టార్చిలైటు పట్టుకుని లేచి వచ్చాడు. "ఎవల్లు బిడ్డా, మెల్లగ రారాదు" అని, జీపు ముందుకొచ్చి ఆ వెలుగులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "ఇవ్వా నీ లైట్లు? మా ఇంట్ల బుడ్డి దీపం నయం గదనే" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్లో వడ్లు తీసుకోరు. కల్లం లేని రైతు తారు మీద కాకపోతే ఎక్కడ ఆరబోస్తాడు? కోతల కాలంలో మా దిక్కు ఏ రోడ్డు చూసినా ఇంతే. పత్తి నింపుకుని వచ్చే ట్రాక్టర్ ట్రాలీలకు వెనక ఎర్ర లైటు ఉండదు. బర్రెలు నల్లగా ఉంటాయి, తారూ నల్లగా ఉంటుంది. చూసుకోవాల్సింది బండి నడిపేవాడే, చూడాలంటే ముందు లైటు ఉండాలి.

జీపు సంగతి. 1998 మోడల్ మహీంద్రా కమాండర్, డీజిల్. 2006లో నాయిన సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఇంజను, గేర్‌బాక్సు ఇప్పటికీ గట్టివే. హెడ్‌లైట్లు గుండ్రటివి, ఏడంగుళాలు. అమెరికాలో 1940లో సీల్డ్ బీమ్ లైట్లకు (బల్బు, రిఫ్లెక్టర్, అద్దం ఒకే ముక్కగా ఉండేవి) ఈ కొలతను ఖరారు చేశారు, పాత అంబాసిడర్‌కూ ఇదే కొలత. అందువల్ల ఇంత పాత బండికైనా ఈ రోజుకీ డూమ్‌లు, అంటే అద్దం, రిఫ్లెక్టర్ కలిసి ఉండే గిన్నెలు, దొరుకుతాయి. చౌకోరు లైట్ల బండ్లకు ఆ అదృష్టం లేదు.

ఈ రోజు పొద్దున గ్రిల్ దగ్గర రింగులు విప్పి రెండు డూమ్‌లూ బయటికి తీశాను. అద్దం మీద పదిహేడు పద్దెనిమిదేండ్ల ఇసుక దెబ్బలు, సూదితో పొడిచినట్టు. లోపల రిఫ్లెక్టర్ అడుగున నీళ్ళు చేరి తుప్పు పట్టింది, మిగతా చోట మెరుపు పోయి బూడిద రంగు తిరిగింది. పక్కింటి పిల్లగాడు వెండి రంగు కొడదామన్నాడు. రిఫ్లెక్టర్ మెరుపు రంగుతో వచ్చేది కాదు. అది అల్యూమినియంను ఆవిరి చేసి పొరలా పట్టించినది. వెండి రంగు కంటికి మెరుస్తుంది గాని వెలుగును ఒక దారిలో పంపదు. గుడ్డ పెట్టి గట్టిగా రుద్దితే ఉన్న పొర కూడా పోతుంది. రెండూ మార్చాల్సిందే.

ఇంకో వింత. కుడి లైటు డిమ్‌లో పెట్టినప్పుడు ఒక్కోసారి బల్బులో రెండు ఫిలమెంట్లూ ఎర్రగా, సన్నగా వెలుగుతున్నాయి. మీటరు బోర్డులో నీలం దీపం కూడా లీలగా వెలుగుతోంది, నేను అప్పర్ (ఫుల్ లైట్) వెయ్యకపోయినా. ఎప్పటి నుంచో అలాగే ఉంది, పట్టించుకోలేదు. రేపు మల్టీమీటరు తెచ్చి చూడాలి.

నవంబరు 4

నేను మెకానిక్‌ను కాదు. బోరు మోటార్ల స్టార్టర్లు విప్పి కూర్చుకోవడం మాత్రం పదిహేనేండ్లుగా నాకు నేనే చేసుకుంటున్నాను. ఈ రోజు జీపు దగ్గర నాకు దారి చూపింది ఆ అనుభవమే.

మా చేను చివర బోరు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ నిండుగా ఉంటుంది. సన్నటి వైరు మీద అంత దూరం వచ్చేసరికి మోటరు గుంజదు, మూలుగుతుంది, వేడెక్కుతుంది. మోటరు మార్చినా ఫలితం ఉండదు, వైరు మార్చాలి. హెడ్‌లైటుది కూడా ఇదే జబ్బేమో చూద్దామని బల్బు కొనకముందే కొలతలు తీశాను.

ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగానే కొలవాలి. బల్బు పీకేసి కొలిస్తే ఎంత కుళ్ళిన వైరులోనైనా నిండు వోల్టేజీ చూపిస్తుంది, మోసపోతాం. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. కుడి హోల్డరు దగ్గర 11.2. ఎడమ వైపు 11.5. అంటే కుడి దీపానికి చేరేలోపు 2.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొన హోల్డరులో కరెంటు వచ్చే పిన్ను మీద పెడితే, ఆ దారిలో పోయినంత వోల్టేజీ నేరుగా కనపడుతుంది. 1.8 వచ్చింది. అలాగే బ్యాటరీ మైనస్‌కూ హోల్డరు ఎర్త్ పిన్నుకూ మధ్య కొలిస్తే 0.9. ఎడమ వైపు ఎర్త్‌లో 0.6. ఎర్త్ గురించి ఎవరూ ఆలోచించరు. బాడీయే ఎర్త్ కదా అనుకుంటాం. ఇరవై ఆరేండ్ల బాడీలో ఆ బోల్టు కింద పెయింటు, తుప్పు, బురద.

కుడి బల్బులో రెండు ఫిలమెంట్లు వెలగడానికి కారణం కూడా అదే. మా జీపులో ఉన్న హెచ్4 రకం బల్బుకు మూడు పిన్నులు: డిమ్‌కు ఒకటి, అప్పర్‌కు ఒకటి, రెండింటికీ కలిపి ఎర్త్ ఒకటి. ఎర్త్ బొత్తిగా అందనప్పుడు డిమ్ ఫిలమెంట్ దాటిన కరెంటు అప్పర్ ఫిలమెంట్‌లోకి ఎదురెక్కి, అప్పర్ వైరు పట్టుకుని ఎడమ బల్బుకు పోయి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. దారిలో నీలం దీపాన్ని కూడా తట్టి పోతుంది. కాబట్టి మీ బండిలో డిమ్ వేసినప్పుడు నీలం దీపం లీలగా వెలిగితే బల్బు కొనకండి, ముందు ఎర్త్ బోల్టు విప్పి చూడండి. నేను విప్పాను. బోల్టు కింద థింబుల్ (వైరు కొనకు తొడిగే లోహపు ముక్క) పచ్చగా చిలుము పట్టి, వేలితో నొక్కితే పొడిగా రాలింది.

రెండు వోల్టులు పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది గాని ఫిలమెంట్ బల్బు లెక్క వేరు. దాని వెలుగు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర డిమ్‌లో 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత), అప్పర్‌లో 1650 ఇవ్వాలి. 11.2 దగ్గర మా కుడి బల్బు ఇచ్చేది ఆ వెయ్యిలో 570. దాన్ని మెరుపు పోయిన రిఫ్లెక్టర్, గీతలు పడ్డ అద్దం ఇంకెంత మింగేస్తాయో. పెద్దాయన బుడ్డి దీపం అన్నది ఊరికే కాదు.

లైటు స్విచ్ వెనక చెయ్యి పెడితే కాలింది. రెండు డిమ్ బల్బులకు 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్లు. అదంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కడి నుంచి డిమ్మర్ స్విచ్‌కు, మళ్ళీ ముందుకు గ్రిల్ దాకా సన్నటి వైరులో తిరిగి వస్తోంది. బోరుకు ఇలా చేస్తామా? స్టార్టరులో బటన్ నొక్కితే బటన్ గుండా మోటరు కరెంటు పోదు. బటన్ లోపలి కాయిల్‌ను లాగుతుంది, అసలు కరెంటు కాంటాక్టర్ గుండా పోతుంది. జీపుకు కావాల్సింది కూడా అదే, చిన్న సైజులో. దాని పేరు రిలే.

నవంబరు 6, 7

దేవరకొండ పోయాను. మా ఆటో ఎలక్ట్రికల్ భాయ్ షాపులో రెండు గంటలు కూర్చున్నాను. ఆయన దగ్గరికి వచ్చే వాళ్ళలో ఎక్కువ మంది అడిగేవి రెండే. ఒకటి 100/90 వాట్ల బల్బు (అప్పర్‌కు 100, డిమ్‌కు 90), రెండు ఎల్ఈడీ.

100/90 బల్బు నాకు అక్కర్లేదని అప్పటికే తేల్చుకున్నాను. ఉన్న వైరులో తొమ్మిది ఆంపియర్లకే స్విచ్ కాలుతుంటే, పదిహేను ఆంపియర్లకు ఏమవుతుంది? పైగా ఆ వేడికి హోల్డరు ప్లాస్టిక్ కరుగుతుంది, కొత్త రిఫ్లెక్టర్ కూడా పసుప్పచ్చబడుతుంది. భాయ్ డబ్బా తెరిచి అలా కరిగిన హోల్డర్లు నాలుగు చూపించాడు. ఒకటైతే వడియంలా అయిపోయింది.

ఎల్ఈడీ మీద మాత్రం నాకే ఆశ ఉండేది. భాయ్ ఒక జత ఇచ్చి, "ఇంటికి తీస్కపోయి చూడన్నా, నచ్చకపోతే వాపస్ తే" అన్నాడు. రాత్రి పాత డూమ్‌లలోనే పెట్టి గోడ మీద వేసి చూశాను. ముందు కళ్ళు జిగేల్‌మన్నాయి, పని అయిపోయిందనుకున్నాను. తర్వాత నిదానంగా చూస్తే గోడ మీద గీత లేదు. హాలోజన్ బల్బు డిమ్‌లో వేస్తే, మసకదైనా సరే, పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో ఒక గీత పడుతుంది. ఎల్ఈడీకి గోడ అంతా తెల్లటి ముద్ద. మా తాటిచెట్టు మట్టలు కూడా వెలిగాయి.

బల్బులను చేతిలో పక్కపక్కన పట్టుకుని చూస్తే కారణం అర్థమైంది. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది, వేపాకంత కూడా ఉండదు. ఫిలమెంట్ వెలుగు రిఫ్లెక్టర్ కింది సగం మీద పడకుండా అది అడ్డుకుంటుంది. పై సగం మీద పడ్డ వెలుగే కిందికి, రోడ్డు మీదికి వస్తుంది. 1971లో హెచ్4 వచ్చినప్పటి నుంచి ఈ డూమ్‌లన్నీ ఆ సన్నటి ఫిలమెంట్ ఎక్కడుంటుందో, ఆ దొప్ప ఎక్కడుంటుందో మిల్లీమీటరు లెక్కన చూసుకుని చేసినవి. నేను తెచ్చిన ఎల్ఈడీలో వెలుగు వచ్చేది రెండు పక్కల అతికించిన చిప్‌ల నుంచి, వాటి మధ్య మందపాటి పలక. అద్దానికి అది తెలియదు, వచ్చిన వెలుగును వచ్చినట్టు చెదరగొడుతుంది. మొన్న రాత్రి నా కళ్ళు మూసిన కారులో ఉన్నది ఇదేనేమో. ఆ పని నేను ఇంకొకరికి చెయ్యలేను. మర్నాడు వాపస్ ఇచ్చేశాను.

గుండ్రటి డూమే మొత్తంగా ఎల్ఈడీతో వచ్చేది కూడా ఉంది. అందులో మంచివి ఉన్నాయి, గీత కూడా పడుతుంది. కొనేవాళ్ళు ఒక్కటి చూసుకోవాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి డిమ్ గీత ఎడమకు పోయేకొద్దీ కొంచెం పైకి లేవాలి, రోడ్డు అంచు, నడిచిపోయే మనిషి కనపడటానికి. కుడి పక్కన నడిపే దేశాల కోసం చేసినదైతే గీత కుడికి లేస్తుంది, సరిగ్గా ఎదురొచ్చేవాడి ముఖం మీదికి. భాయ్ దగ్గరున్న జత వేయించి చూస్తే కుడికే లేచింది.

చివరికి తీసుకున్నవి: గాజు అద్దం ఉన్న హెచ్4 డూమ్‌లు రెండు, మామూలు 60/55 వాట్ల ఫిలిప్స్ బల్బులు రెండు, నాలుగు పిన్నుల రిలేలు రెండు, పింగాణీ హోల్డర్లు రెండు, ఫ్యూజు హోల్డర్లు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రెండు మీటర్లు, రెండున్నరది పది మీటర్లు, థింబుల్స్, స్లీవ్. మొత్తం రెండున్నర వేల లోపే అయింది.

నవంబరు 10, ఆదివారం

పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం ఐదయింది. బావమరిది వచ్చాడు సాయానికి.

ముందు బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టాను. తర్వాత రిలేల పలక. బ్యాటరీ పక్కన మడ్‌గార్డ్ లోపలి గోడకు, నీళ్ళు కొట్టని చోట, పిన్నులు కిందికి ఉండేలా బిగించాను. పిన్నులు పైకి ఉంటే నీళ్ళు నిలుస్తాయి.

రిలే మీద నాలుగు అంకెలు ఉంటాయి: 30, 87, 85, 86. ఎక్కడ కొన్నా ఇవే అంకెలు. 30కి బ్యాటరీ నుంచి లావు వైరు. 87 నుంచి బల్బులకు. 85 ఎర్త్‌కు. 86కు మాత్రం పాత హోల్డరుకు వచ్చే డిమ్ వైరు. ఇంకో రిలేకు ఇలాగే, 86 దగ్గర అప్పర్ వైరు. అంటే పాత వైరింగ్‌ను కొయ్యలేదు, పీకలేదు. అది ఇప్పుడు స్టార్టరులో బటన్ పని చేస్తోంది అంతే. తొమ్మిది ఆంపియర్లు మోసిన డిమ్మర్ స్విచ్ ఇప్పుడు పావు ఆంపియర్ కూడా మొయ్యట్లేదు. పాత హోల్డర్లలో ఏ పిన్ను ఏదో కళ్ళతో చూసి నమ్మలేదు, టెస్ట్ ల్యాంపు పెట్టి ఒక్కొక్కటి తేల్చుకుని మాస్కింగ్ టేపు మీద రాసుకున్నాను.

బావమరిది ఒక మాట అడిగాడు: "బావా, అప్పర్ వేసినప్పుడు డిమ్ కూడా వెలిగేటట్టు పెడితే ఇంకా వెలుగొస్తది గద?" వస్తుంది. కాని హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లూ ఒకే గాజులో ఉంటాయి, రెండూ కలిపి 115 వాట్లు వెలిగితే ఆ వేడి దాని లెక్కలో లేదు. వద్దన్నాను.

ఎర్త్ దగ్గర ఎక్కువసేపు పట్టింది, కావాలనే. రెండు హోల్డర్ల నుంచి విడివిడిగా రెండున్నర వైరు లాగి నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చాను. బాడీని నమ్ముకోలేదు. థింబుల్‌ను ప్లేయర్‌తో నొక్కి వదిలెయ్యకుండా లోపల టంకం పోశాను. పైన స్లీవ్ తొడిగి అగ్గిపుల్లతో వేడి చేస్తే వైరును కరుచుకుంది.

బల్బు పెట్టేటప్పుడు గాజును వేలితో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. అమ్మ ఉతికిన పాత నూలు గుడ్డ ఇచ్చింది, దాంతో పట్టుకున్నాను.

చీకటి పడ్డాక ఇంజను స్టార్ట్ చేసి డిమ్ వేశాను. పలక దగ్గర రిలే 'టక్'మంది. మీటరు పెట్టాను: బ్యాటరీ 13.9, కుడి హోల్డరు 13.5, ఎడమ 13.5. అదే 55 వాట్లు. లెక్క ప్రకారం కుడి దీపం పాత దానికి 1.9 రెట్లు. కొత్త రిఫ్లెక్టర్ సంగతి ఈ లెక్కలో లేదు. నాయిన అరుగు మీది నుంచి లేచి వచ్చి, ఏమీ అనకుండా జీపు ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాడు. తర్వాత "నల్ల చుక్క పెట్టియ్యవా?" అని అడిగాడు. ఆయన రోజుల్లో ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా హెడ్‌లైటు అద్దం మీద నల్ల రంగు పూయించేవాళ్ళు. ఈ డూమ్‌లో ఆ పని గీత చేస్తుంది నాయినా, రేపు గీత దించుతా అన్నాను.

నవంబరు 13

నిన్న రాత్రి కొండమల్లేపల్లి నుంచి వస్తుంటే డిమ్ వేసి ఉండగా రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. అప్పర్ వేస్తే వెలిగాయి కాబట్టి పక్కకు తీసుకోగలిగాను. గుండె దడ తగ్గడానికి ఐదు నిమిషాలు పట్టింది.

తప్పు నాదే. గ్రిల్ రేకు రంధ్రంలో నుంచి వైరు దాటించిన చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) పెట్టడం మరిచిపోయాను. రేకు అంచు స్లీవ్‌ను, వైరు తొడుగును కోసి రాగికి తగిలింది, ఫ్యూజు పోయింది. ఫ్యూజు తన పని తాను చేసింది, లేకపోతే వైరు కాలేది. కాని అసలు లోపం వేరే ఉంది: రెండు డిమ్ బల్బులకూ కలిపి ఒకే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఒక వైపు తగిలితే రెండు కళ్ళూ పోయాయి.

ఈ రోజు మార్చేశాను. బ్యాటరీకి జానెడు దూరంలో 30 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు ఒకటి. రిలేల తర్వాత నాలుగు చిన్నవి, 10 ఆంపియర్లవి: కుడి డిమ్, ఎడమ డిమ్, కుడి అప్పర్, ఎడమ అప్పర్. ఇప్పుడు ఒకటి పోయినా ఇంకో పక్క దీపం ఉంటుంది. రంధ్రాలన్నింటికీ గ్రామెట్లు. డాష్‌బోర్డులో అగ్గిపెట్టెలో స్పేర్ ఫ్యూజులు.

నవంబరు 16

గీత దించే రోజు. చాలామంది ఈ పనే వదిలేస్తారు. బల్బు మార్చి, వెలుగు చూసి, బానెట్ మూసేస్తారు. నా మటుకు సగం పని ఇదే.

మా ఊరి రైతు వేదిక ముందు సీసీ గచ్చు సమంగా ఉంది, ఎదురుగా తెల్ల గోడ. టైర్లలో గాలి సరిచూసి, డీజిల్ సగం ట్యాంకు ఉండగా, డ్రైవర్ సీట్లో బావమరిదిని కూర్చోబెట్టాను. నేల నుంచి డూమ్ నడిమధ్యకు 91 సెంటీమీటర్లు. గోడకు 7.5 మీటర్ల దూరంలో జీపు. గోడ మీద బొగ్గుతో 91 ఎత్తున అడ్డగీత, ఒక్కో డూమ్‌కు ఎదురుగా నిలువు గీత, అడ్డగీతకు 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత.

డూమ్ రింగుకు రెండు స్క్రూలు ఉంటాయి. పైనున్నది తిప్పితే వెలుగు పైకీ కిందికీ, పక్కనున్నది తిప్పితే కుడి ఎడమలకూ. ఒక డూమ్ మీద గోనెసంచి కప్పి, ఇంకోదాన్ని సరిచేశాను. గోడ మీద గీత ఇప్పుడు కత్తితో కోసినట్టు ఉంది. కుడి సగం సమంగా వచ్చి, నిలువు గీత దగ్గర విరిగి, ఎడమకు ఏటవాలుగా లేస్తోంది. ఆ విరుపును నిలువు గీత మీదికి, సమంగా ఉన్న భాగాన్ని కింది బొగ్గు గీత మీదికి తెచ్చాను.

ఏడున్నర మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున దిగితే, 91 ఎత్తునున్న వెలుగు 68 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. 60 స్పీడులో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. కంటికి కనపడి కాలు బ్రేకు మీదికి పోయే ఒకటిన్నర సెకన్లలో 25 మీటర్లు, మా జీపు ఆగడానికి ఇంకో 35. మొత్తం 60. అందుకే డిమ్‌లో ఉన్నంతసేపు ఈ జీపును 60 దాటించను.

తర్వాత వెనక ఎనిమిది యూరియా బస్తాలు వేయించాను, 360 కిలోలు. వెనక కమాన్లు కుంగి ముక్కు లేచింది, గోడ మీద గీత ఆరు సెంటీమీటర్లు పైకెక్కింది. అయినా 91 గీతకు నాలుగు కిందనే ఉంది. ఖాళీ బండిలో సమంగా పెట్టుకుంటే బస్తాలు వేసిన రోజున అందరి కళ్ళలో కొట్టేది. బరువు మోసే బండ్ల వాళ్ళు బరువుతోనే చూసుకోవాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన దీని గురించే. లైటుకు 8 మీటర్ల ముందు, కుడి పక్కకు అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటిని డిమ్ వెలుగు చెదరగొట్టకూడదు. అది కూడా చూశాం. బావమరిదిని అక్కడ నిలబెట్టి, కళ్ళు మీటరున్నర ఎత్తుకు వచ్చేదాకా మోకాళ్ళు వంచమన్నాను. బస్తాలు వేసే ఉన్నాయి. "నంబరు ప్లేటు చదువు" అంటే చదివాడు. అప్పర్ వేస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నవంబరు 23

రాత్రి అచ్చంపేట దాకా పోయి వచ్చాం, అత్తగారింట్లో పని. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎదురొచ్చిన వాళ్ళు ఒక్కరూ నాకు డిప్పర్ కొట్టి గుర్తు చెయ్యలేదు. ఒక లారీ అయితే తనే ముందు దించి పోయింది.

వెలుగు రంగు హాలోజన్‌దే, కాస్త వెచ్చటి తెలుపు. దేవరకొండ దిక్కు మట్టి రోడ్డులోకి దిగినప్పుడు గుంత అంచు, నీడ విడివిడిగా తెలుస్తున్నాయి. ఎడమకు లేచే గీత వల్ల రోడ్డు అంచున తుమ్మచెట్ల మొదళ్ళు వరసగా కనపడుతున్నాయి. అంచు కోసం చూపుడు వేలంత తెల్ల గీతను వెతుక్కునే బాధ పోయింది. ఒక చోట సైకిల్ మీద పాలక్యాన్లతో పోతున్న మనిషి చాలా దూరం నుంచే తెలిశాడు, ముందు రెండు కాళ్ళు, తర్వాత క్యాన్లు, తర్వాత మనిషి. ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవాలని అప్పుడే తెలిసింది. లైట్లు పెరిగేసరికి అద్దం మీది జిడ్డు బయటపడింది.

పెద్దాయన వడ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఈసారి రాళ్ళు ముందుగానే, ఒక్కొక్కటిగా, నీడలతో సహా కనపడ్డాయి. ఆపి దిగాను. నన్ను గుర్తుపట్టలేదు, జీపును గుర్తుపట్టాడు. "బుడ్డి మార్చినవా?" అన్నాడు. సెంటర్లో టోకెన్ రాలేదట, ఇంకో నాలుగు రోజులు పట్టేటట్టుంది. మా ట్రాలీ కోసం తెచ్చిన ఎర్ర రేడియం స్టిక్కరు చుట్ట జీపులోనే ఉంది. కుప్పకు రెండు చివరలా రాళ్ళు తీయించి పాత నూనె డబ్బాలు పెట్టి, వాటికి స్టిక్కరు చుట్టాను. జీపు వెనక్కి తీసుకుని డిమ్ వేసి చూశాం ఇద్దరం. మెరిశాయి. "నా దిక్కు మంచం కాలుకు గూడ ఒక ముక్క అంటియ్యి బిడ్డా" అన్నాడు. అంటించాను.

మిగిలిన పని: ఎడమ డూమ్‌లో పొద్దున పూట అడుగున కొంచెం ఆవిరి కనపడుతోంది. వెనక రబ్బరు టోపీ సరిగా కూర్చోలేదు, భాయ్ ఇంకోటి తెప్పిస్తానన్నాడు. వెనక ఎర్ర లైట్ల ఎర్త్ కూడా రేపు కొలవాలి.